పోలియో జాడ దెలుపు మచ్చు



నిన్నటివఱకు వీథిలో ఆడుకొనుచుండిన బిడ్డ నేడు కాలు మోపలేక కూలబడినచో మన యిండ్లలో దృష్టి తగిలినదందురు, దిష్టి తీయుదురు, నూనె మర్దింతురు. ఈలోపల దినములు గడచిపోవును. ఆ దినముల విలువ యెంతటిదో నేను తమకు మనవి చేయదలచినాను.

పోలియో వైరస్ సోకిన బిడ్డలలో సుమారు 200 మందికి ఒక్కరికి మాత్రమే అవయవములు చచ్చుబడును. తక్కినవారిలో పెక్కుమంది చూచుటకు ఆరోగ్యముగనే యుందురు. అయినను వారి మలమువలన వ్యాధి పరులకు ప్రాకుచునే యుండును. కావున చచ్చుబడిన ఆ యొక్క కాలు, కంటికి గానరాని మంటనుండి లేచిన పొగ వంటిది.

చచ్చుదనమునకు వేఱు కారణములును గలవు. అందుచేతనే, 15 ఏండ్లలోపు బిడ్డకు కాలుగాని చేయిగాని అకస్మాత్తుగా చచ్చుబడినచో మలమును పరీక్షింతురు. దీనికి సూది అక్కఱలేదు. బిడ్డకు బాధ లేదు. చచ్చుబడిన 14 దినములలోపల, కనీసము 24 గంటల యెడముతో, రెండు మాఱులు మచ్చు తీయవలెను. ప్రతిమాఱు బొటనవ్రేలంత, అనగా సుమారు 8 గ్రాములు, చాలును. వైరస్ ప్రతి విసర్జనమునందును వెలువడదు గనుక రెండు మచ్చులు. దినములు గడచినకొలది తగ్గిపోవును గనుక తొందర.

మచ్చును శుభ్రమైన డబ్బీలో నుంచి, మూత బిగించి, పేరు, తేదీ వ్రాసి, కాఱకుండ సంచిలో గట్టి, మంచు పొట్లములుగల పెట్టెలో బెట్టుదురు. తీసినవారు సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. ఆ పెట్టెలో టీకామందుగాని తినుబండారముగాని యెన్నడును ఉంచరాదు. మచ్చులో ఫార్మలిన్ వంటి మందు కలుపరాదు. మందు కలిపినను, వేడి తగిలినను వైరస్ చచ్చును. చచ్చిన వైరస్ ప్రయోగశాలలో పెరిగి తన జాడ చెప్పజాలదు. కనుక 8 డిగ్రీలు మించని చల్లదనములో, 72 గంటలలోపల, మచ్చు ప్రయోగశాలకు చేరవలెను. డబ్బీ, సంచి, మంచు, ప్రయాణపు ఖర్చు: వ్యయమింతియే.

2011 జనవరి 13వ తేదీన పశ్చిమ వంగమందలి హౌరా జిల్లాలో ఒక బాలికకు ఈ వ్యాధి పొడసూపినది. సహజ పోలియో వైరస్ వలన మన దేశమున చచ్చుబడిన తుది బిడ్డ ఆమెయే. పిమ్మట మూడేండ్లు మచ్చులు తీయుచు, వెదకుచునే యున్నందున, 2014 మార్చి 27న భారతదేశము పోలియోనుండి విముక్తమైనదని ధ్రువపఱచిరి. లేదని చెప్పుటకును వెదకవలసినదే గదా! పాకిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్‌లలో ఆ వైరస్ ఇంకను నిలిచియున్నది గనుక, ఈ వెదకులాట నేటికిని మానలేదు.

నేను తమ్ము వేడునది యొక్కటే. అట్టి బిడ్డ మీ యూర కనబడినచో, ఆ దినముననే ఆశా కార్యకర్తకుగాని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకుగాని కబురంపుడు. డబ్బీ చేతికిచ్చుటకు తల్లి సిగ్గుపడినచో, పెద్దలైన మీరు నచ్చజెప్పుడు. మీ మాటను ఆమె వినును.