పంపు ఇంజనుకు పందెం కారు వేషం

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో టైయటన్ అని ఓ చిన్న ఊరుంది. చుట్టూ ఆపిల్ తోటలు. అక్కడి వీధుల్లో గ్రాండ్ ప్రి పేరుతో జరిగే పందెం చూస్తే వందేళ్లు వెనక్కి వెళ్లినట్టుంటుంది. పొడవాటి ముక్కు, గుర్రపునాడా ఆకారంలో రేడియేటరు, బానెట్ మీద తోలు పట్టీ, సన్నటి తీగచక్రాలు... అచ్చం 1920ల నాటి బుగాటీ! దగ్గరికొస్తే తెలుస్తుంది అసలు సంగతి. ఆ కారు మనిషి నడుము దాకా కూడా రాదు. నడిపేవాడి మోచేతులు బయటే ఉంటాయి. సీటు వెనకాల గుర్రుమంటున్నది పొలంలో నీళ్లు తోడే పంపులకు, స్లాబు పోసేటప్పుడు వైబ్రేటర్లకు వాడే రకం ఒంటి సిలిండరు పెట్రోల్ ఇంజను.

వీటిని సైకిల్‌కార్టులు అంటారు. 1990లలో కాలిఫోర్నియాలో పీటర్ స్టీవెన్‌సన్ అనే డిజైనరు, ఆయన కొడుకులు కలిసి ఈ ఆటకు రూపమిచ్చారు. పేరులో పాత జ్ఞాపకం ఉంది. 1910లలో యూరప్‌లో మోటార్‌సైకిల్ ఇంజన్లు బిగించిన తేలికపాటి కార్లు తిరిగేవి. వాటిని సైకిల్‌కార్లు అనేవారు. 1922లో ఆస్టిన్ సెవెన్ వచ్చి, చవకలోనే అసలైన కారు దొరకడంతో అవి కనుమరుగయ్యాయి.

సొంతంగా బండి కట్టుకుని పందెం వేసుకోవడం అమెరికాలో సైకిల్‌కార్టులకు ముందూ ఉంది. 1933లో ఒహాయోలోని డేటన్‌లో పిల్లలు చెక్కపెట్టెలకు చక్రాలు బిగించి వాలులో దొర్లించుకోవడం మైరన్ స్కాట్ అనే పత్రికా ఫొటోగ్రాఫరు చూశాడు. ఆ చూపులోంచే సోప్‌బాక్స్ డెర్బీ అనే పందెం పుట్టింది. 1956లో ఆర్ట్ ఇంగెల్స్ ఇనుప గొట్టాలకు చిన్న ఇంజను తగిలించి గోకార్టుకు ఆద్యుడయ్యాడు. తాటిముంజల బుర్రలకు కర్ర గుచ్చి బండి చేసుకుని ఊరంతా తిప్పిన వాళ్లకు ఈ సరదా ఏమిటో ఎవరూ వివరించనక్కర్లేదు.

గోకార్టుకు అందం పట్టదు, వేగమొక్కటే లెక్క. సైకిల్‌కార్టుకు పోలికే ప్రాణం.

అందుకే స్టీవెన్‌సన్ కుటుంబం కఠినమైన నిబంధనల కన్నా కొన్ని హద్దులు చెప్పి ఊరుకుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి పందెం కారును తలపించాలి. 17 అంగుళాల మోటార్‌సైకిల్ చక్రాలు, రెండున్నర అంగుళాల టైర్లు ఉండాలి. ఇంజను దాదాపు 200 సీసీలది. బరువు 110 కిలోల చిల్లర. ఖర్చు రెండున్నర వేల డాలర్లకు అటూఇటూ. డబ్బున్నవాడు కొని గెలవకూడదు, కట్టినవాడే నడపాలన్నది ఇందులో ఆశయం. ఏ పందేనికైనా ఇంతకన్నా మంచి షరతు ఉంటుందా?

సాధారణంగా వాడే హోండా జీఎక్స్ 200 ఇంజను 196 సీసీలది. అయినా ఇచ్చే బలం ఐదారు హార్స్‌పవరే. మన యాక్టివా ఇంజను 109 సీసీలే, దానికి ఇంతకన్నా బలముంది. జీఎక్స్ ఇంజను గంటల తరబడి ఆగకుండా పనిచేయడానికి తయారైంది. నిమిషానికి సుమారు 3,600 చుట్లు దాటకుండా గవర్నరు అనే పరికరం పట్టి ఉంచుతుంది. గేర్లు ఉండవు. స్కూటీలో ఉండే బెల్టు లాంటిదే వేగాన్ని బట్టి సర్దుకుంటుంది, అక్కడి నుంచి చైను వెనక చక్రానికి బలం అందిస్తుంది. ఆ కాస్త బలంతో కార్టు గంటకు యాభై అరవై కిలోమీటర్లు పోతే గొప్ప. కానీ నేలకు జానెడు ఎత్తులో కూర్చుని, దుమ్ము మొహాన కొడుతుంటే అదే రెట్టింపు వేగంలా అనిపిస్తుంది.

కట్టేవాళ్ల అసలు బుర్రంతా చక్రాల దగ్గర ఖర్చవుతుంది. మోటార్‌సైకిల్ మలుపులో ఒరుగుతుంది కాబట్టి బరువు ఎప్పుడూ చక్రం నిలువునే పడుతుంది. నాలుగు చక్రాల బండి ఒరగదు. మలుపులో బరువంతా చక్రాన్ని పక్కకు తోస్తుంది. సన్నటి స్పోకులు అలా పక్కనుంచి వచ్చే ఒత్తిడికి పుట్టినవి కావు. మామూలు స్పోకులతో వేగంగా మలుపు తిరిగితే చక్రం అప్పడంలా వంగిపోయే ప్రమాదముంది. పైగా మోటార్‌సైకిల్ చక్రానికి ఇరువైపులా ఆసరా ఉంటుంది, ఇక్కడ ఇరుసు ఒక్కవైపే పట్టుకుంటుంది. అందుకే లావు స్పోకులు, బలమైన హబ్బు, మందపాటి ఇరుసు వేస్తారు. సన్నటి టైరు కూడా ఇందుకు సాయపడుతుంది. దానికి నేల మీద పట్టు తక్కువ, కాబట్టి చక్రం విరిగేంత ఒత్తిడి రాకముందే జారిపోతుంది. ఆ జారుడును స్టీరింగుతో సర్దుకుంటూ పోవడమే ఈ ఆటలోని నేర్పు.

వెనక చక్రాలదీ ఇలాంటి చిక్కే. మలుపులో లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి. కార్లలో ఆ తేడాను డిఫరెన్షియల్ సర్దుతుంది. ఇక్కడ అంత బరువూ ఖర్చూ ఎందుకని చాలామంది ఒక్క వెనక చక్రానికే చైను తగిలించి, రెండోదాన్ని స్వేచ్ఛగా వదిలేస్తారు.

ఇక వేషం. 1924లో లియోన్‌లో జరిగిన ఫ్రెంచ్ గ్రాండ్ ప్రిలో తొలిసారి దిగిన బుగాటీ టైప్ 35ను ఎంతోమంది నమూనాగా తీసుకుంటారు. ఆ కారుకు ముందు వెనక ఇరుసుల మధ్య 2.4 మీటర్లు. కార్టుకు సుమారు 1.7 మీటర్లు. చక్రం టైరుతో కలిపి అక్కడ 28 అంగుళాల దాకా ఉంటే ఇక్కడ 22 అంగుళాలు. అంటే కారును ముప్పావు కొలతకు కుదించవచ్చు. మనిషిని కుదించలేం కదా! భుజాలు, మోకాళ్లు పట్టాలి, అయినా ముక్కు సన్నగా, తోక మొనదేలి కనిపించాలి. కంటిని ఒప్పించడం ఇక్కడే. చేయి తిరిగినవాళ్లు ముందు మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి స్టీరింగు ఇచ్చి, ఆ కొలతల చుట్టూ ప్లైవుడ్ పక్కటెముకలు కోస్తారు. వాటిమీద పల్చటి అల్యూమినియం రేకు వంచి రివెట్లు కొడతారు, లేదా గుడ్డ బిగించి రంగు వేస్తారు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే పనివాళ్లు కొలతబద్ద కన్నా కంటినే ఎక్కువ నమ్మి రేకు వంచే తీరు చూసినవాళ్లకు ఈ పని కొత్తగా ఉండదు.

అసలు కారును తయారుచేసిన ఎటోరె బుగాటీ కూడా తన చిన్న కొడుకు రోలాండ్ కోసం టైప్ 35ను సగం కొలతలో బ్యాటరీ కారుగా చేయించాడు. అది అందరికీ నచ్చి, 1927 నుంచి దాన్ని అమ్మకానికి పెట్టాడు.

మన దగ్గర ఇలాంటిది కట్టుకోవాలనుకునేవాళ్లు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. రిజిస్ట్రేషన్ లేని బండిని రోడ్డెక్కించకూడదు. ఖాళీ మైదానం, యజమాని అనుమతి ఉండాలి. వేషం పాతకాలపుదైనా హెల్మెట్ మాత్రం ఈ కాలపుదే పెట్టుకోవాలి, ఎందుకంటే ఇవి పైకప్పు లేని బళ్లు.

పందెం అయ్యాక కార్టును స్టాండు మీదకు ఎక్కించి, చక్రాన్ని మెల్లగా తిప్పుతూ ఒక్కో స్పోకును స్పానరుతో తట్టి చూస్తారు. బిగువుగా ఉన్నది ఖంగుమంటుంది. మొద్దుగా పలికితే అది వదులైంది, ఓ పావు చుట్టు బిగించాలి. మన సైకిల్ షాపులో చక్రం సరిచేసే మేస్త్రీ చేసేదీ ఇదే.