ప్రతి ఉదయం కొత్త కట్టు



షుగర్ పుండుకు ఒక్కసారి కట్టు కడితే చాలదు. మళ్లీ మళ్లీ విప్పి, శుభ్రపరచి కట్టాలి. దాచుకుంటే కాలికే ముప్పు. పాపము కూడా అంతే.

నర్సులమైన మేము రాత్రి డ్యూటీలో అలసి, రోగుల బంధువులను కసురుకున్న రోజులున్నాయి. ఇక కోపపడమని తీర్మానించుకొని, మరుసటి రాత్రే ఓడిపోయాము. ఇప్పుడు వార్డులోకి వెళ్లకముందే ప్రభువును బలమడుగుతున్నాము. తప్పితే ఆ బంధువు దగ్గరకే వెళ్లి క్షమించమంటున్నాము. పౌలు సైతం తన పోరాటమును రోమా పత్రిక 7వ అధ్యాయములో దాచలేదు.

1849లో ఫాదర్ హయ్యర్ గారు గురజాలలో సువార్త సేవ చేపట్టారు. తాతల విశ్వాసము నిన్నటి కట్టు. మనకు ఈ రోజుది కావాలి.

త్రాగుడుతో పోరాడేవారు ప్రార్థనతోపాటు డాక్టరుగారిని కలవండి. రోజూ త్రాగేవారు ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చు. మళ్లీ పడినా సిగ్గుతో దూరమవ్వద్దు. పుండు చూపినవారికే వైద్యము.