ఇంటి తొట్టెలో సముద్రపు చేపపిల్లలు

నారింజపండు రంగు మేనిమీద మూడు తెల్లని పట్టెలు, ఆ పట్టెల యంచులకు నల్లని గీతలు దిద్దినట్లుండు చిన్న చేప నొకదానిని మన సోదరీమణులలో ననేకులు చూచియే యుందురు. ఆంగ్లేయులు దీనిని క్లౌన్ చేప యనిరి. క్లౌననగా విదూషకుడు. మోమునకు రంగులు పూసికొన్నట్లుండుటచేతను, ఈదునపు డటునిటు తూగుచుండుటచేతను ఆ పేరు దీనికి దగియే యున్నది. 2003లో వెలువడిన 'ఫైండింగ్ నీమో' యను బొమ్మల చలనచిత్రమును జూచిన పిల్లలు దీనినే కోరి మారాము చేయుటయు, తలిదండ్రులు కొని తెచ్చి గాజుతొట్టెలో విడుచుటయు పట్టణములలో సామాన్యమైనది. అట్లు తెచ్చిన చేప కొన్నాళ్లకు జచ్చుటయు నంతే సామాన్యము.

అయితే సముద్రపు చేపలలో నిది యొక విషయమున నపురూపమైనది. అలంకారమునకై పెంచు సముద్రపు చేపలు పెక్కు తమ గుడ్లను నీటిలో విడిచి తమ దారిని తాము పోవును. వాని పిల్లలను బెంచుట శాస్త్రజ్ఞులకే కష్టసాధ్యము. క్లౌన్ చేప యట్లుగాక రాతికి గుడ్ల నంటించి, పొదుగువఱకు గాచును. కావున నోపికగల గృహిణి దీనిచేత నింటనే గుడ్లు పెట్టించి, పిల్లలను బెంచవచ్చును. అమెరికాలో 1970వ దశకముననే మార్టిన్ మో యనునాతడు వీనిని పెంచి యమ్మజొచ్చెను. ఆ దేశపు స్త్రీ జాయిస్ విల్కర్సన్ వీని పోషణమును గూర్చి 1998లో ప్రకటించిన గ్రంథము నిప్పటికిని పెంచువారు చేతనుంచుకొందురు. మన దేశమున కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు తమిళనాటి మండపమునందును, కేరళమునందలి విళింజమునందును వీని పిల్లలను బుట్టించు పద్ధతులను సాధించి, మండపము తీరమునందలి స్త్రీల సంఘములకు బిల్లలనిచ్చి పెంచుట నేర్పిరి. కనుక నిది యాడువారి చేతికి మించిన పనియని యెవరైన నన్నచో నమ్మనక్కఱ లేదు.

ఈ చేపలు సుమారు 30 జాతులు గలవు. హిందూమహాసముద్రమునందును, పసిఫిక్కు సముద్రపు పడమటి భాగమునందును పగడపు దిబ్బలయొద్ద నివసించును. అండమాను దీవులు, లక్షదీవులు, మన్నారు సింధుశాఖ వీనికి మన దేశపు నెలవులు. వీని యిల్లు రాయి కాదు, సముద్రపుష్పము. అది పువ్వువలె గనబడు జంతువు. దాని రేకులవంటి వ్రేళ్లకు విషపు టీటెలుండును. తాకిన చిన్న చేప చచ్చును. క్లౌన్ చేపకు మాత్రము మేనిమీది జిగురుపొర రక్ష. అందుచేత నది యా విషపు బొదలో నిర్భయముగా గాపురము చేయును.

ఆ కాపురపు కట్టుబాటు వినదగినది. పుట్టిన పిల్లలలో నాడుది యొక్కటియు నుండదు. గుంపులో నన్నిటికంటె బెద్దది యాడుది. దాని తరువాతిది మగడు. తక్కిన చిన్నవి యెదుగక యణగియుండును. ఆడుది చచ్చినచో మగడే క్రమముగా నాడుదిగా మాఱును, చిన్నవానిలో బెద్దది మగని స్థానమున కెక్కును. ఈ సంగతిని హాన్సు ఫ్రిక్కె, సిమోను ఫ్రిక్కె యనువారు 1977లో సముద్రములో బరిశీలించి ప్రకటించిరి. మన పురాణములలో నిలుడు స్త్రీయై యిలయైన కథను మనమెఱుగుదుము. ఇలుడు మరల మగవాడాయెను. ఈ చేపకు మాత్రము మరలి వచ్చు దారి లేదు. ఇందువలన గృహిణికి గలుగు లాభమేమనగా, ఆడుదానిని మగదానిని వెదకి తేనక్కఱ లేదు. ఒకదానికంటె నొకటి కొంచెము పెద్దవైన రెండు పడుచు చేపలను తెచ్చి యొకచో నుంచిన జాలును. అవియే తమలో తాము తేల్చుకొనును. రెండు పెద్ద యాడు చేపలను మాత్రము కలుపరాదు. ఒకటి చచ్చువఱకు పోరాడును.

తొట్టె 100 లీటర్లు పట్టునదైన మేలు. నీటిలో వంటయుప్పు కలిపిన సముద్రపు నీరు కాదు. సముద్రమునందు ఉప్పుతోపాటు సున్నపు ధాతువు, మెగ్నీషియము మొదలగునవి యెన్నియో యుండును. వానితో గూర్చిన మిశ్రమము చేపలవస్తువు లమ్ము నంగళ్లలో దొరకును. దానిని ఆర్. ఓ. యంత్రపు నీటిలో గలిపి, హైడ్రోమీటరు 1.023 మొదలు 1.025 వఱకు చూపునట్లు దిద్దుకొనవలయును. నీరు కలిపిన నాడే చేపను విడుచుటయే పెక్కిండ్లలో జరుగు హత్య. చేపల మలమునుండి పుట్టు అమ్మోనియా విషము. దానిని మార్చి నిరపాయముచేయు సూక్ష్మజీవులు తొట్టెలోని యిసుకయందును, రాళ్లయందును స్థిరపడుటకు 4 మొదలు 6 వారములు పట్టును. అంతవఱకు బిల్లలు తొందరపెట్టినను వినరాదు. నీటి వేడి 26 మొదలు 28 డిగ్రీల సెంటీగ్రేడు వఱకు నుండవలయును. చలిదేశములలో నీటిని వెచ్చచేయు యంత్రము కావలయును. మనకు రోహిణికార్తెలో దానికి మాఱుగా నీటిపై గాలి విసరు చిన్న పంకా కావలయును. పగడపు ముక్కలు తొట్టెకు శోభయని యెవరైన నమ్మజూపినచో గొనరాదు. దిబ్బలు కట్టు పగడములకు మన దేశమున 2001 మొదలు వన్యప్రాణి చట్టపు రక్షణ గలదు.

సముద్రపుష్పమును దేనక్కఱ లేదు. దానిని బ్రదికించుట చేపను బ్రదికించుటకంటె గష్టము. రంగు పూయని చిన్న మట్టికుండ నొకదానిని ప్రక్కకు బడవేసి యుంచినచో దానినే యిల్లుగా గైకొనును. మన కుమ్మరి చేసిన కుండకంటె మంచి పురిటిగది వీనికి మఱియొకటి లేదని నా యభిప్రాయము. చిన్నగా తఱిగిన రొయ్య, చేప, కొన్న మేత మార్చిమార్చి దినమునకు రెండు మూడు సారులు పెట్టవలయును. పడుచు చేపలు జతకూడి గుడ్లు పెట్టుటకు ఒకటి రెండేండ్లు పట్టవచ్చును.

ఒకనాడు రెండును కుండలోపలి యొకచోటును నోటితో రాచి రాచి తోముట గాననగును. అదియే గుఱుతు. ఆడుది వరుసలు తీర్చి గుడ్లు పెట్టిపోవును, మగడు వెంబడించి వానిని ఫలవంతము చేయును. గుడ్లు కొన్ని వందలుండును. ఒక్కొక్కటి రెండు మూడు మిల్లీమీటర్ల పొడవు, నారింజ రంగు. అటుపిమ్మట కాపు తండ్రిది. రేయి దక్క దినమెల్ల ఱెక్కలతో విసరుచు, నోటితో శుభ్రము చేయుచు, చెడిన గుడ్డును దీసివేయుచు, చేయి పెట్టిన గృహిణినైన గఱవ వచ్చును. తల్లి యెప్పుడో వచ్చి చూచిపోవును. మన యిండ్లలో దీనిని జూచి నవ్వుకొనువారును, నిట్టూర్చువారును గూడ నుందురు. మొదటి రెండు మూడు విడతల గుడ్లను తలిదండ్రులే తినివేయుట కలదు, అందుకు దిగులుపడరాదు. అలవాటైన పిమ్మట రెండు మూడు వారముల కొక విడత చొప్పున నేండ్ల తరబడి పెట్టును.

ఇంతవఱకు జెప్పినది సులభమైన భాగము. కష్టమంతయు గుడ్డు పగిలిన పిమ్మటి పది దినములలో నున్నది. ఆ పది దినముల కష్టమునకు మందు గుడ్లు పెట్టుటకు నెల ముందే సిద్ధపఱుపవలయును. పొదిగిన పిల్ల మూడు నాలుగు మిల్లీమీటర్ల పొడవుండును. దాని నోరెంత యుండునో తలచుకొనుడు. కోడిగ్రుడ్డు పచ్చసొన, మేతపొడి వంటివి నీటిని గుళ్లజేయును గాని యీ పిల్ల కడుపు నింపవు. కదలుచు నీదు ప్రాణిని గన్నపుడే యిది నోరు తెఱచును. అట్టి ప్రాణి రోటిఫరు. మిల్లీమీటరులో నైదవవంతు మాత్రమైన జీవి. ఉప్పునీటిలో నాకుపచ్చని సూక్ష్మపు నాచును దిని పెరుగును. రోటిఫరు విత్తనమును, నానోక్లోరాప్సిస్ అను నాచు చిక్కని ద్రవమును అలంకారమత్స్యముల వ్యాపారులయొద్ద తెప్పించుకొనవచ్చును.

పెంచు విధము పెరుగు తోడువంటిది. శుభ్రమైన డబ్బాలో సముద్రమునకంటె ఉప్పు తక్కువైన నీరు పోసి, గాలిగొట్టమునుండి బుడగలు మెల్లగా వచ్చునట్లు చేసి, నీరు లేతయాకుపచ్చగా నుండునంత నాచు దినదినము పోయుచుండవలయును. ఆకుపచ్చ వదలి నీరు తేటపడినచో నవి యాకలిగొన్నవన్నమాట. దినమునకు డబ్బాలో నాలుగవవంతు నీరు తీసి సన్నని జల్లెడగుడ్డలో వడగట్టి రోటిఫరులను వాడుకొని, దీసినంత క్రొత్త నీరు పోయవలయును. రేపటి తోడు నేటి పెరుగులోనిదే గదా! తోడు చెడినచో పొరుగింట నడిగి తెచ్చుకొందుము. రోటిఫరులు చచ్చినచో నడుగ బొరుగిల్లు లేదు. ఎంత జాగ్రత్తగా నున్నను ఒకనాటి రాత్రి డబ్బా యంతయు జచ్చుట కలదు. కావున వేఱువేఱుచోట్ల రెండు డబ్బాలుంచుట తప్పనిసరి. ఈ రెండు డబ్బాలు నెల దినములు చెడక నిలిచినగాని గుడ్లనుండి పిల్లలను దీయ బ్రయత్నింపరాదని నా గట్టి సలహా. ముందుగా పాలు, పిమ్మట పాప.

గుడ్లు పెట్టిన 6 మొదలు 10 దినములకు వానిలో వెండివలె మెఱయు కన్నులు కానవచ్చును. ఆ సాయంకాలము గుడ్లున్న కుండను నీటిలో మునిగియుండగనే యొక పాత్రతో సహా దీసి, అదే తొట్టెనీటితో నింపిన 20 లీటర్ల పిల్లలతొట్టెలో నుంచి, తండ్రి విసరుటకు బదులుగా గాలిబుడగలను గుడ్ల ప్రక్కగా బోనీయవలయును. దీపము లార్పవలయును. చీకటిపడిన గంట రెండు గంటలలో బొదుగును. కదపక, తెల్లవాఱువఱకు జూడక యుండుట యొక పరీక్షయే. తలిదండ్రుల తొట్టెలోనే పొదుగనిచ్చినచో నవి మఱునాటికి మిగులుట కల్ల.

తెల్లవాఱినది మొదలు పిల్లలచుట్టు మేత సదా నుండవలయును. లెక్క యిట్లు: నీటి మిల్లీలీటరుకు పది రోటిఫరులు. 20 లీటర్లకు రెండు లక్షలు! ఈ లెక్కను జూచినచో డబ్బాలు ముందుగా నెందుకు కావలయునో తెలియగలదు. తొట్టె ప్రక్కలకు నల్ల కాగితమంటించి, వెలుతురు మందముగా నుంచవలయును. లేకున్న పిల్లలు గాజుమీది వెలుగును జూచి దానినే కొట్టుకొని చచ్చును. నీటికి గొంచెము నాచు కలిపిన రోటిఫరులకును మేత, పిల్లలకును మఱుగు. అడుగున బడిన మలమును సన్నని గొట్టముతో దినమునకొకసారి పీల్చివేసి, క్రొత్త నీటిని బొట్లుబొట్లుగా జాఱవిడువవలయును. చెంబుతో గ్రుమ్మరించినచో పిల్లలు ప్రాణాలు విడుచును. విద్యుత్తు పోయినపుడు పనిచేయు బ్యాటరీ గాలియంత్రము నొకదానిని కొని యుంచుకొనుట, తుపానులు తఱచైన మన తీరమున, వ్యర్థవ్యయము కాదు.

అయిదవ దినము మొదలు ఏడవ దినములోపల ఆర్టీమియా నారంభింపవలయును. ఇది ఉప్పుసరస్సులలోని సూక్ష్మపు రొయ్యజాతి. దాని యెండుగ్రుడ్లు పొడివలె డబ్బాలలో వచ్చును, పెక్కు అమెరికాలోని గ్రేట్ సాల్టు సరస్సువి. ఇది మన తెలుగుదేశపు తీరమునకు గ్రొత్తది కాదు. రొయ్యపిల్లలను బుట్టించు హేచరీలలో దినదినము వాడునదే. ఉప్పునీటిలో వేసి గాలి కొట్టించిన 24 గంటలలో బొదుగును. పొదిగిన వెంటనే పెట్టవలయును, ఆలస్యమైనకొలది దానిలోని సారము తగ్గును. పైతొక్కలను వేఱుచేసి పెట్టుట మఱవరాదు. అవి పిల్ల గొంతునకు నడ్డుపడును.

8 మొదలు 15 దినములలో నొకనాడు పిల్లల నడవడి మాఱును. అంతవఱకు నీటిలో దేలియాడుచుండినవి యడుగునకును గోడలకును జేరును. తలవెనుక మొదటి తెల్లని పట్టె పొగవలె కానవచ్చును. పెక్కు పిల్లలు చచ్చునది యీ మాఱుపునకు ముందరి దినములలోనే. మొదటి విడతలో నొక్కటియు మిగులకుండుట సామాన్యము. పదియైనను దక్కినచో నా గృహిణి నేర్పరియే. పట్టె వచ్చిన పిమ్మట సన్నని పొడిమేత క్రమముగా నలవాటు చేయవచ్చును.

ఇంత శ్రమ యెందుకని యడుగువారుందురు. అంగళ్లలోని సముద్రపు చేపలు చాల భాగము నేటికిని దిబ్బలనుండి పట్టి తెచ్చినవే. ఫిలిప్పైన్సు, ఇండోనేషియా దీవులలో వానిని మత్తిలజేసి పట్టుటకు నీటిలో సైనైడు విషమును జల్లిన వారును గలరు. దానివలన జుట్టుప్రక్కల పగడములును జచ్చును. సముద్రము వేడెక్కి లక్షదీవుల పగడములు 1998లోను, 2010లోను, 2016లోను, 2024లోను పాలిపోయినవి. సముద్రపుష్పములును వేడికి నట్లే పాలిపోవును. తమ యిల్లు పాలిపోయినపుడు క్లౌన్ చేపలు గుడ్లు పెట్టుటయు దగ్గునని పసిఫిక్కులోని మోరేయా దీవియొద్ద జూచిరి. ఇంట బుట్టిన పిల్ల యొకటి యమ్ముడుపోయినచో దిబ్బమీది చేప యొకటి మిగులునని చెప్పుట కొంత యతిశయోక్తియే గాని, పట్టుటకు గల యాశ మాత్రము తగ్గును.

పిల్లలు మిగిలినచో నేమి చేయవలయునో ముందే నిశ్చయించుకొనవలయును. నూరు పిల్లలకు నొక తొట్టె చాలదు. మూడు నాలుగు నెలలలో రెండంగుళములకు లోపుగా నెదిగినపు డంగడివారు పుచ్చుకొందురా యని గుడ్లు పొదుగుటకు ముందే కనుగొనుడు. తరచు పయనములు చేయు నిల్లు దీనికి దగదు. సముద్రతీరమువారైనను మిగిలిన పిల్లలను సముద్రమున విడువరాదు. తొట్టెలోని రోగము లచటి జీవులకు బట్టవచ్చును. చుట్టములకు బంచునపుడు ఉప్పునీటి తొట్టె ముందుగా నెలన్నర నిలిచియున్న వారికే యిండు, రెండేసి చొప్పున. ఒకటి కొంచెము పెద్దది, ఒకటి చిన్నది యేర్చి యిచ్చినచో పెద్దది యాడుదియగును. తొట్టెలలో నీ చేపలు 20 ఏండ్లకు మించి బ్రదికినవి గలవని వారికి ముందే చెప్పుడు.