కంపెనీ అధ్యక్షుడి మాట

పిల్లలూ! వేలమంది పనిచేసే పెద్ద కంపెనీకి అధ్యక్షుడు రోజంతా ఏం చేస్తాడో మీకు తెలుసా? చాలావరకు మాట్లాడటమే ఆయన పని. ఉద్యోగులతోనూ, పత్రికలవారితోనూ, సరుకు కొనేవారితోనూ మాట్లాడాలి. ఒక్కొక్కప్పుడు ఆ మాట మీద ప్రాణాలే ఆధారపడి ఉంటాయి.

1982 సెప్టెంబరు చివర అమెరికాలోని షికాగో ప్రాంతంలో టైలెనాల్ అనే నొప్పిమందు మింగి ఏడుగురు చనిపోయారు. ఆ మందులో ఎవరో సైనైడ్ విషం కలిపారు. ఎవరన్నది నేటికీ తేలలేదు.

అప్పట్లో ఆ మందు తయారుచేసింది జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ. అప్పుడు దాని అధ్యక్షుడు జేమ్స్ బర్క్. తప్పు మాది కాదని వారు ఊరుకోలేదు. తమ మందును తామే వాడవద్దని దేశమంతటా చెప్పారు. మూడు కోట్లకు పైగా సీసాలు వెనక్కి తెప్పించారు. అందుకు దాదాపు 10 కోట్ల డాలర్లు ఖర్చయింది.

ఇంకొక సంగతి వినండి. మా కర్మాగారంలో సైనైడ్ లేదని కంపెనీవారు మొదట పత్రికలవారితో అన్నారు. పరీక్షల కోసం కొద్దిగా ఉంచుతారని తరువాత తెలిసింది. ఆ సంగతీ బయటపెట్టారు. దాచిపెట్టడం ఎంత సులభమో ఆలోచించండి! అలా దాచి ఉంటే, ఆ తరువాత వారు చెప్పే నిజాన్ని ఎవరు నమ్ముతారు?

బర్క్ టెలివిజనులో స్వయంగా ప్రశ్నలకు జవాబులు చెప్పారు. ఏడాది తిరిగేసరికి జనం మళ్ళీ ఆ మందు కొనసాగారు.

మీ ఇంట్లో కొత్త మందుసీసా తెరిచేటప్పుడు చూడండి. కొన్నిటికి మూత కింద పలుచని రేకు అంటించి ఉంటుంది. అటువంటి రక్షణ ఏదో ఒకటి ఉండి తీరాలని అమెరికా ప్రభుత్వం నియమం పెట్టింది ఆ 1982లోనే.