98 శాతం దగ్గర ఆగిన వీడియో

టైమ్‌లైన్ మీద ఎక్కడా తడబడకుండా ఆడిన వీడియో, ఎక్స్‌పోర్ట్ నొక్కాక 98 శాతం దగ్గర చతికిలబడితే తిట్లన్నీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కే పడతాయి. ప్రీమియర్ వాడేవాడిని డావిన్చికి మారిపొమ్మంటారు, డావిన్చి వాడేవాడిని మ్యాక్ కొనుక్కోమంటారు. మారినా రోగం చాలాసార్లు వెంటే వస్తుంది. ఎడిట్ చేస్తున్నంతసేపూ సాఫ్ట్‌వేర్ మనల్ని కాస్త మభ్యపెడుతుంది. సగం రిజల్యూషన్‌లో చూపిస్తుంది, మెషీన్‌కి ఊపిరాడకపోతే చెప్పాపెట్టకుండా కొన్ని ఫ్రేములు వదిలేస్తుంది. ఎక్స్‌పోర్ట్‌లో ఆ వెసులుబాటు లేదు. ప్రతి ఫ్రేమునూ పూర్తి సైజులో, రంగూ ఎఫెక్టూ టైటిలూ కలిపి లెక్కకట్టి తీరాలి.

ఆ లెక్క చిన్నదేం కాదు. ఫుల్ హెచ్‌డీ ఫ్రేములో అడ్డంగా 1920, నిలువుగా 1080, మొత్తం 20,73,600 పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కు 3 బైట్లు వేసుకుంటే ఫ్రేముకు 6.2 మెగాబైట్లు, సెకనుకు 24 ఫ్రేముల చొప్పున సుమారు 149 మెగాబైట్లు. నిమిషానికి దాదాపు 9 గిగాబైట్లు! ఇదే వీడియోకి యూట్యూబ్ సూచించే రేటు సెకనుకు 8 మెగాబిట్లు, అంటే ఒకే ఒక్క మెగాబైటు. 149 వంతుల్లో 148 పారేయాలి, చూసేవాడికి ఏమీ పోయినట్టు అనిపించకూడదు. ఆ పని చేసేదే కోడెక్.

దాని పునాదిలో మనవాళ్ల చెయ్యి ఉంది. 1974లో నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు కలిసి డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అనే గణిత పద్ధతిని ప్రచురించారు. అహ్మద్ బెంగళూరులో పుట్టినవారు. రావుగారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. ఆ పేరు చూశాక తెలుగువారికి వేరే పరిచయం అక్కర్లేదు. టెక్సస్‌లోని ఆర్లింగ్టన్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాలపాటు పాఠాలు చెప్పారాయన. ఈ ఆలోచన మీద పనిచేస్తానని అహ్మద్ 1972లో నిధులు అడిగితే అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ కుదరదంది. బొమ్మను చిన్న చిన్న గళ్లుగా కోసి, ఒక్కో గడిలో నెమ్మదిగా మారే వెలుగునీడల్ని ఒకవైపు, సన్నని వివరాల్ని ఒకవైపు వేరుచేస్తుందీ పద్ధతి. సన్నని వివరాల్లో కొంత కొట్టేసినా కన్ను పట్టించుకోదు. జెపెగ్ ఫొటోలు దీని మీదే నడుస్తాయి. 2003లో వచ్చిన హెచ్.264 కూడా దీని వారసత్వమే.

ఫొటోకి ఇది చాలు. వీడియోలో ఇంకో పొదుపు ఉంది. ఆఫీసు రిజిస్టర్లో గుమాస్తా పై వరుసలో ఉన్నదాన్ని మళ్లీ రాయకుండా 'డిటో' పెట్టినట్టు, ఒక ఫ్రేమును పూర్తిగా దాచి, తర్వాతి వాటిలో మారిన భాగాన్నే రాస్తారు. పూర్తిగా దాచినది ఐ-ఫ్రేము. ముందుదాన్ని చూసి కట్టుకునేది పీ-ఫ్రేము, ముందూ వెనకా రెండూ చూసేది బీ-ఫ్రేము. ఫోన్లూ డ్రోన్లూ ఇచ్చే ఫైళ్లు ఎక్కువగా ఇలాంటివే. దాచుకోవడానికి సుఖం, కొయ్యడానికి నరకం. మధ్యలో ఎక్కడో ఒక ఫ్రేము చూపించమంటే సాఫ్ట్‌వేర్ వెనక్కి పరిగెత్తి, ఐ-ఫ్రేము నుంచి వరసగా విప్పుకుంటూ రావాలి.

ఈ విప్పే శ్రమ ఎప్పుడు పడాలన్న దగ్గరే సాఫ్ట్‌వేర్ల దారులు వేరవుతాయి. అవిడ్ పద్ధతిలో ఆ శ్రమంతా ముందే అయిపోతుంది: ఫుటేజీని ఏ ఫ్రేముకా ఫ్రేము విడిగా ఉండే డీఎన్‌ఎక్స్ ఫైళ్లుగా మార్చాకే పని మొదలు. మొదటిరోజు విసుగు పుడుతుంది, చివరిరోజు ప్రాణం హాయిగా ఉంటుంది. యాపిల్ ఫైనల్ కట్ ప్రోలో సెట్టింగ్ ఆన్ చేస్తే, మీరు మౌస్ ముట్టని క్షణాల్లో వెనకాల రెండర్ చేసి పెట్టుకుంటుంది. కాకపోతే మ్యాక్ ఉండాలి. అడోబీ ప్రీమియర్‌లో, డావిన్చి రిజాల్వ్‌లో ప్రాక్సీలూ (తేలికపాటి నకళ్లు) ముందస్తు రెండర్లూ ఉన్నా, మనవాళ్లు కెమెరా ఫైళ్లనే నేరుగా టైమ్‌లైన్ మీద పరిచేస్తారు. బరువంతా ఎక్స్‌పోర్ట్ గంటలో ఒక్కసారిగా మీద పడుతుంది.

రంగులు దిద్దడానికే పుట్టిన డావిన్చిని ఆస్ట్రేలియాకి చెందిన బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ 2009లో కొని, ఉచిత వెర్షన్ ఇచ్చి, తర్వాత పూర్తిస్థాయి ఎడిటర్‌గా మార్చింది. మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న కొత్తవాళ్లకి నా ఓటు దానికే. ప్రాజెక్టు పదిమంది చేతులు మారేట్టయితే ఆ పదిమంది వాడేదే వాడటం మేలు. సాఫ్ట్‌వేర్ కొత్తదా పాతదా అన్నది మరీ అంత పట్టింపు కాదు. ఆస్కార్ గెలిచిన కొరియా సినిమా 'పారసైట్'ను ఎడిట్ చేసింది, యాపిల్ 2011లోనే పక్కనబెట్టేసిన ఫైనల్ కట్ 7 మీద.

ఇక 98 శాతం సంగతి. ఆగిన చోట టైమ్‌కోడ్ ఎంతో చూసుకోండి. చాలాసార్లు ఆ చోటే పాడైన క్లిప్పో, బరువైన నాయిస్ రిడక్షనో, గ్రాఫిక్స్ మెమరీ సరిపోనంత పెద్ద ఫొటోనో ఉంటుంది. పెళ్లి వీడియోల్లో అయితే ముందు అనుమానించాల్సింది ఫొటోనే. డీఎస్‌ఎల్‌ఆర్ ఫొటోను సైజు తగ్గించకుండా తెచ్చి పడేస్తారు. టైమ్‌కోడ్ అంతుబట్టకపోతే టైమ్‌లైన్‌లో సగమే ఎక్స్‌పోర్ట్ చేసి చూడండి. ఏ సగం ఆగితే దాన్ని మళ్లీ సగం చేస్తూపోతే గంట వీడియోలో దోషి ఎక్కడుందో కొద్ది ప్రయత్నాల్లోనే దొరుకుతుంది. హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ తీసేసి సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడింగ్ పెడితే నెమ్మదిస్తుంది గానీ చాలాసార్లు గట్టెక్కిస్తుంది. నాకు బాగా నచ్చిన మార్గం మాత్రం రెండంచెలది: ముందు ఫ్రేములు విడివిడిగా ఉండే ప్రోరెస్‌గానో డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్‌గానో మాస్టర్ తీసి, ఆ మాస్టర్ నుంచి హెచ్.264 చేసుకోవడం. ఎఫెక్టుల లెక్కా, కుదింపు లెక్కా ఒకేసారి మీద పడవు. డిస్కులో మాత్రం బోలెడు చోటుండాలి.

పెదాలకీ మాటకీ పొత్తు కుదరకపోవడం వేరే జబ్బు. మొదట్లో బాగానే ఉండి, పోనుపోనూ మాట వెనకబడిందంటే ఫోన్ ఫుటేజీని అనుమానించాలి. వెలుగు తగ్గితే ఎక్కువ కాంతి పట్టడానికి చాలా ఫోన్లు ఫ్రేముల సంఖ్య తగ్గించేస్తాయి. అలా సెకనుకు 30 అని చెప్పుకునే ఫైలులో ఒకచోట 30, ఇంకోచోట 24 ఉంటాయి. ఎడిటర్ మాత్రం అన్ని సెకన్లూ సమానమే అనుకుని కొలుస్తుంది. మీడియాఇన్ఫో అనే టూల్‌లో ఫైలు తెరిస్తే ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర వేరియబుల్ అని కనిపిస్తుంది. టైమ్‌లైన్ మీదకి తేకముందే హ్యాండ్‌బ్రేక్ అనే కన్వర్టర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ పెట్టి మార్చుకుంటే సరి. ఎడిటింగ్ అంతా అయ్యాక ఆడియోను కాస్త కాస్త జరుపుతూ కూర్చోవడం పనికిమాలిన శ్రమ.

రంగులు పాలిపోయాయంటే చాలావరకు 16 నుంచి 235 దాకా కొలిచే వీడియో లెవెల్స్‌కీ, 0 నుంచి 255 దాకా కొలిచే ఫుల్ లెవెల్స్‌కీ మధ్య పొరపాటు. పెన్‌డ్రైవ్‌లోకి పెద్ద ఫైలు ఎక్కకపోతే అది ఎక్స్‌పోర్ట్ తప్పు కానే కాదు. ఫ్యాట్32 పద్ధతిలో ఒక్క ఫైలు 4 గిగాబైట్లు దాటకూడదు. ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చండి, ముందు పెన్‌డ్రైవ్ పెట్టబోయే టీవీ దాన్ని చదువుతుందో లేదో చూసుకుని.

ఇంగ్లిష్ ట్యుటోరియల్స్‌లో సాధారణంగా దొరకనిది తెలుగు టైటిల్ కష్టం. వత్తులు విడిపోయి పక్కన కూర్చుంటే, ప్రీమియర్‌లో గ్రాఫిక్స్ ప్రిఫరెన్సులకి వెళ్లి టెక్స్ట్ ఇంజిన్‌ని సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్‌కి మార్చి, ఆ టైటిల్ కొత్తగా టైప్ చేయాలి. అను ఫాంట్లతో చిక్కు ఇంకోరకం. ఆ అక్షరాల వెనక ఉన్నవి యూనికోడ్ తెలుగు సంకేతాలు కావు కాబట్టి, ఫాంటు లేని మెషీన్‌లో ప్రాజెక్టు తెరిస్తే గజిబిజి గుర్తులు వస్తాయి. ఎక్స్‌పోర్ట్ వేరేచోట చేయించేట్టయితే ఫాంటు ఫైలు వెంట పంపాలి, లేదా టైటిల్‌ను వెనక రంగు లేని పీఎన్‌జీ బొమ్మగా మార్చి పెట్టాలి. వధూవరుల పేర్లున్న కార్డయితే రెండోదే చేయండి.