రక్తము ఇచ్చిన తరిగిపోవునా?

కొన్ని సంవత్సరముల క్రితము ఒక రాత్రి మా సంఘములోని ఒక సహోదరిని కాన్పు కొరకు పట్టణములోని ఆసుపత్రికి తీసుకొనిపోయితిమి. బిడ్డ పుట్టిన తరువాత రక్తస్రావము ఆగలేదు. వెంటనే ఇద్దరు రక్తము ఇవ్వవలెనని డాక్టరుగారు చెప్పగా, వెంట వచ్చిన బంధువులు ఒకరి ముఖము ఒకరు చూచుకొనిరి. "అయ్యగారూ, మేం కూలి పని చేసుకునేవాళ్లం. ఒంట్లో రక్తం తీస్తే మళ్లీ ఎక్కడినుంచి వస్తుంది?" అని ఆమె మరిది మమ్మును అడిగెను. అది పిరికితనము కాదు, తెలియకపోవుట మాత్రమే. ఆ ప్రశ్నకు జవాబు ప్రతి కుటుంబమునకు తెలియవలెను.

పెద్దవారి శరీరములో సుమారు 5 లీటర్ల రక్తముండును. అందులో సగము కంటె కొంచెము ఎక్కువ భాగము ప్లాస్మా అను లేత పసుపు ద్రవము. అందులో నూటికి 90 వంతులకు పైగా నీరే. మనము తిన్న ఆహారపు సారమును అవయవములకు చేర్చునది, మలినములను మూత్రపిండములకు మోయునది ఇదే. మిగిలిన భాగము కణములు.

ఆవగింజంత రక్తపు బిందువులో సుమారు 50 లక్షల ఎర్ర కణములుండును. వాటిలో ఇనుముతో కూడిన హిమోగ్లోబిన్ ఊపిరితిత్తులనుండి ప్రాణవాయువును శరీరమంతటికి అందించును. తెల్ల కణములు రోగక్రిములతో పోరాడును. ప్లేట్‌లెట్లు గాయమైనచోట గడ్డకట్టి రక్తమును ఆపును. డెంగ్యూ జ్వరములో తగ్గిపోవునవి ఇవే.

ఎర్ర కణము సుమారు 120 దినములే జీవించును. అందుచేత మన ఎముకల మూలుగ ప్రతి సెకనుకు 20 లక్షలకు పైగా క్రొత్త కణములను తయారుచేయుచునే యుండును. మనము ఇచ్చినను, ఇవ్వకపోయినను పాత రక్తకణములు నశించి క్రొత్తవి పుట్టుచునే యున్నవి! దానముగా తీయునది 350 లేక 450 మిల్లీలీటర్లు మాత్రమే. అందులోని ద్రవభాగము ఒకటి రెండు దినములలోనే తిరిగి చేరును. కణములు కొన్ని వారములలో నిండును. అందుకే పురుషులు 3 నెలలకు, స్త్రీలు 4 నెలలకు ఒకసారి ఇవ్వవచ్చును. 18 నుండి 65 సంవత్సరముల వయస్సు, కనీసము 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉండవలెను.

రక్తమంతయు ఒకే రకము కాదని 1901లో వియన్నా నగరములో కార్ల్ లాండ్‌స్టీనర్ కనుగొనెను. 1930లో ఆయనకు నోబెల్ బహుమతి లభించెను. రక్తపు గ్రూపు కులమును చూడదు, ఊరును చూడదు. సొంత అన్న రక్తము సరిపడకపోవచ్చును, ముక్కు మొగము తెలియనివాని రక్తము సరిపోవచ్చును.

మరియొక మాట. 2019–21 జాతీయ సర్వేలో మన దేశమందు 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలెను. అందరికి వడ్డించి అడుగున మిగిలినది తిను తల్లికి రక్తమెట్లు పట్టును? మునగాకు, తోటకూర, రాగులు, మాంసము, వీటితోపాటు నిమ్మ, ఉసిరి ఆమె కంచములోను ఉండవలెను. భోజనముతో టీ త్రాగరాదు, అది ఇనుమును ఒంటబట్టనీయదు. గర్భిణులు ఇనుము మాత్రలు మానరాదు.

ఆ రాత్రి మరిదియు, మేమును రక్తమిచ్చితిమి. నాలుగు దినములు గడచిన తరువాత అతడు యథాప్రకారము నాట్లకు పోయెను. ఆ తల్లి బిడ్డను ఎత్తుకొని ఇంటికి వచ్చెను. మానవ రక్తమునకు సాటియైనది నేటికిని ఏ కర్మాగారములోను తయారుకాలేదు. మనిషికి మనిషే ఇవ్వవలెను.