పెరుగు గుట్టు విప్పినవాడి ఊరు

బల్గేరియా రాజధాని సోఫియాకు పడమరగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, సెర్బియా సరిహద్దు కొండల నడుమ ట్రన్ అనే చిన్న పట్టణం ఉంది. దాని చుట్టూ ఉన్న పల్లెల్లో స్టుడెన్ ఇజ్వోర్ ఒకటి. కుర్రకారు పట్నాలకు తరలిపోగా కొద్దిమందే మిగిలిన ఈ ఊళ్లో 2007లో పెరుగుకు ఒక మ్యూజియం తెరిచారు. రోజూ రాత్రి పాలు తోడేసి పడుకునే మనకు పెరుగుకు మ్యూజియమేమిటని నవ్వు రావచ్చు. కానీ ఆ తోడులో ఉన్నదేమిటో సూక్ష్మదర్శినిలో చూసి చెప్పిన స్తామెన్ గ్రిగోరోవ్ 1878లో పుట్టింది ఇక్కడే.

గ్రిగోరోవ్ వైద్యం చదవడానికి జెనీవా వెళ్లాడు. వెళ్లేటప్పుడు భార్య మట్టికుండలో ఇంటి పెరుగు కట్టి ఇచ్చిందని ఇక్కడివాళ్లు ఇప్పటికీ ముచ్చటగా చెబుతారు. ప్రొఫెసర్ మసోల్ ప్రయోగశాలలో ఆ పెరుగును శోధించి, 1905లో దాన్ని పులియబెట్టే కడ్డీలాంటి బ్యాక్టీరియాను గుర్తించాడు. అప్పటికి అతనికి ఇరవయ్యేడేళ్లు. అదే నేటి లాక్టోబాసిల్లస్ బల్గేరికస్. ఈ కబురు పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న శాస్త్రవేత్త ఇల్యా మెచ్నికోవ్‌కు చేరింది. పెద్దపేగులో కుళ్లే పదార్థాల విషమే ముసలితనం తెస్తుందనీ, బల్గేరియా రైతుల దీర్ఘాయువుకు పుల్లటి పెరుగే కారణమనీ ఆయన నమ్మాడు. 1908లో నోబెల్ అందుకున్న మనిషి చెబితే కాదనేదెవరు? యూరప్ అంతటా పెరుగు మందులా అమ్ముడుపోయింది. గ్రిగోరోవ్ మాత్రం స్వదేశానికి తిరిగొచ్చి ట్రన్‌లో వైద్యం చేశాడు.

బల్గేరియా పెరుగులో ఆ కడ్డీ బ్యాక్టీరియాకు స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్ జోడీ. మొదటిది పాలలోని ప్రోటీన్లను విరగ్గొట్టి రెండోదానికి తిండి పెడుతుంది. రెండోది ఫార్మిక్ ఆమ్లం, కార్బన్ డయాక్సైడ్ ఇచ్చి మొదటిదాన్ని పెంచుతుంది. 42 నుంచి 45 డిగ్రీల వెచ్చదనం వీటికి హాయి. థర్మామీటరు లేని కాలంలో అక్కడి ముసలమ్మలు పాలలో చిటికెన వేలు ముంచి చూసేవారు. మన ఇళ్లలో గోరువెచ్చటి పాలలో తోడేసి వంటింటి వేడికే వదిలేస్తాం కనుక మన పెరుగులో తక్కువ వేడిలో పెరిగే లాక్టోకాకస్ జాతులు కూడా చేరతాయి. అందుకే ఇంటింటికీ పెరుగు రుచి మారుతుంది.

మరి మొదటి తోడు ఎక్కడిది? 2025లో వెలువడిన ఒక పరిశోధన దీనికి ఒక చిత్రమైన జవాబు చెప్పింది. బల్గేరియాలోని నోవా మహాలా గ్రామంలో వెచ్చటి పాల సీసాలో నాలుగు అడవి చీమలు వేసి, పైన పల్చటి గుడ్డ కట్టి, ఆ సీసాను రాత్రంతా చీమలపుట్టలో పాతిపెట్టారు. తెల్లారేసరికి పాలు చిక్కబడి పుల్లబడ్డాయి. చీమల ఫార్మిక్ ఆమ్లం, వాటి ఒంటి మీది లాక్టిక్ బ్యాక్టీరియా కలిసి చేసిన పని అది. శాకాహారులు ఈ పేరా మరిచిపోవచ్చు. మిగతావాళ్లూ ఇంట్లో ప్రయత్నించొద్దు, చీమల్లో పరాన్నజీవులు ఉండొచ్చు.

ఇక పెరుగు తింటే దీర్ఘాయువన్న మెచ్నికోవ్ నమ్మకం సంగతి వేరు. ఆయన 71 ఏళ్ల వయసులో, 1916లో కన్నుమూశాడు. పైగా బల్గేరికస్ మన పేగుల్లో కాపురం పెట్టదనీ, దారినపోయే బాటసారి లాంటిదనీ తర్వాతి పరిశోధకులు తేల్చారు. అయినా నా లెక్కలో ఆయన సగమే తప్పాడు. పాలలోని లాక్టోజ్ పడనివారికి సజీవ బ్యాక్టీరియా ఉన్న పెరుగు మేలు చేస్తుందని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2010లో ఒప్పుకుంది. 2021లో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు 36 మంది ఆరోగ్యవంతులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు పది వారాలు పులిసిన ఆహారం ఎక్కువగా పెట్టారు. ఆ జట్టు వారి పేగుల్లో బ్యాక్టీరియా రకాలు పెరిగాయి, రక్తంలో వాపును సూచించే 19 ప్రోటీన్లు తగ్గాయి. చిన్న అధ్యయనమే. దాన్ని చూపి పెరుగు ఫలానా జబ్బు నయం చేస్తుందని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు.

సోఫియా నుంచి కారులో బయల్దేరితే ఒక్క రోజులో ఊరు చూసి తిరిగిరావచ్చు. ట్రన్ దగ్గరి ఎర్మా నది ఇరుకు లోయ కూడా చూడదగ్గదే. మ్యూజియం మారుమూల పల్లెలో ఉంది కాబట్టి, తెరిచి ఉంటుందో లేదో ముందే కనుక్కుని వెళ్లండి.